కథల కోసం ఉద్యోగం వదిలిన ఒక టెస్టింగ్ లీడ్: 14 నెలల కేసు

రాసుకోవడానికి ఉద్యోగం మానేస్తామని కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "మానెయ్యాల్నా, వద్దా?" ఈ కేసులో ఆ ప్రశ్నకు జవాబు రెండు నెలల్లోనే తేలిపోయింది. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది. డబ్బు లెక్కలో ఒక పెద్ద పొరపాటు నా వైపు నుంచి కూడా జరిగింది. దాన్ని ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. ఈ ప్రాంతంలో వ్యవసాయం మీద ఆధారపడ్డ ఇళ్లకు ఆ పొరపాటు మళ్లీ మళ్లీ జరిగే వీలుంది. కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, చాలా అంకెలను దగ్గరి వెయ్యికి సర్దాను.

నేపథ్యం

ఆమెకు 37 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక ఐటీ కంపెనీలో 9 ఏళ్ల సర్వీసు, పని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే టెస్టింగ్. 2020 లాక్‌డౌన్‌లో హనుమకొండకు వచ్చి అప్పటినుంచి ఇంటి దగ్గరే పని చేస్తున్నారు. చేతికి వచ్చే జీతం 92,000. భర్తది ఒక మండల కేంద్రంలో ఎరువులు, విత్తనాల దుకాణం. ఇద్దరు బడి పిల్లలు, ఇంట్లో అత్తగారు. ఇంటి లోను ఈఎంఐ 21,500.

నవంబరు మొదట్లో నా దగ్గరికి వచ్చారు. ఏప్రిల్ నుంచి వారానికి 3 రోజులు ఆఫీసుకు రావాలని కంపెనీ చెప్పింది. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్‌కే 2 గంటల పైచిలుకు. అక్కడి నుంచి ఆఫీసుకు ఇంకో గంటన్నర. ఇల్లు మార్చితే దుకాణం ఆగుతుంది. "ఎట్లాగూ మానేసుడే అయితే, రాసుకుంట కూర్చుంటే అయిపాయె గదా సార్" అన్నారు. ఇక్కడ రెండు నిర్ణయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. హైదరాబాద్ వెళ్లలేకపోవడం ఒకటి, కథలు రాయాలనుకోవడం ఇంకొకటి. మొదటిది ఖాయమైనంత మాత్రాన రెండోది ఖాయమైనట్టు కాదు. అందుకే ముందు రెండింటినీ విడదీశాం.

వచ్చిన సమస్య, దాని కింద ఉన్న సమస్య

ఆమె మాటల్లో సమస్య "టైం దొరుకుతలేదు". 11 ఏళ్లలో మొదలుపెట్టిన కథలు 23, పూర్తయినవి 4, ఆదివారం అనుబంధాల్లో అచ్చయినవి 2.

టైం లేదనే మాటను నోటి లెక్క మీద ఒప్పుకోకూడదు. ఒక నోటుబుక్కు ఇచ్చి 4 వారాలు రాయమన్నాను: ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు లేచారు, కొత్త కథ రాశారా, పాతది దిద్దారా. సగటున వారానికి 8 గంటలు తేలాయి. ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లలున్న మనిషికి ఇది తక్కువ కాదు. వారానికి 8 గంటలంటే ఏడాదికి 400 గంటల పైమాటే. అన్ని గంటలు ఉండి కూడా ఏడాదికి ఒక కథైనా పూర్తి కావడం లేదంటే లోటు గంటల్లోనే ఉందనుకోలేం. నోటుబుక్కులో రెండో వరుస చూస్తే సంగతి తెలిసింది. ఆ 8 గంటల్లో పాత డ్రాఫ్టు ముందు కూర్చున్నది 40 నిమిషాలు. మిగతా అంతా కొత్త కథల మొదళ్లే.

ఆగిపోయిన 19 కథలూ తెప్పించి చదివాను. చాలావరకు ముప్పావు వంతు దాకా బాగానే నడుస్తాయి. ముగింపు దగ్గరికి రాగానే ఆగిపోతాయి. అక్కడ అవసరమైనది వెనక్కి వెళ్లి తిరగరాయడం. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు, చదివి చెప్పేవాళ్లూ లేరు. అంటే ఆమెకున్న లోటు మూడు రకాలు: సమయం, తిరగరాసే పని, పాఠకులు. రాజీనామాతో తీరేది వీటిలో ఒకటే. ఈ మాట ఆమెకు అప్పుడే చెప్పాను. విన్నారు కానీ మనసుకు ఎక్కలేదు. అప్పటికి నా దగ్గర కూడా దానికి తగిన మందు సిద్ధంగా లేదు.

డబ్బు లెక్క

ఆమె వేసుకొచ్చిన లెక్క ఇది. ఇంటి ఖర్చు 55,000, దుకాణం నుంచి సగటున 35,000, లోటు 20,000. చేతిలో ఎఫ్‌డీలు 4,80,000, రాబోయే గ్రాట్యుటీ 1,97,000, పీఎఫ్ 6,50,000, మొత్తం 13,27,000. దాన్ని 20,000తో భాగిస్తే 66 నెలలు. ఐదున్నరేళ్లు రాసుకోవచ్చన్న ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

గ్రాట్యుటీ అంకె సరైనదే. చివరి బేసిక్ 38,000ను 15తో గుణించి 26తో భాగించి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించారు. మిగతాదాంట్లో చాలా మార్చాల్సి వచ్చింది. 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఒక్కో వరుసా చూస్తే నెల ఖర్చే 58,000 తేలింది. అది కాక ఏడాదికోసారి వచ్చిపడేవి ఉన్నాయి: స్కూలు ఫీజులు 1,10,000, బీమా ప్రీమియాలు 34,000, ఇంటి పన్ను, బండ్ల ఖర్చు 16,000, పండుగలు, పెళ్లిళ్లు, పెట్టుపోతలు 55,000, మందులు 25,000. మొత్తం 2,40,000, అంటే నెలకు 20,000. కాబట్టి అసలు ఖర్చు 78,000. ఎవరైనా ఇంటి ఖర్చు నోటితో చెబితే ఈ రెండో భాగం అందులో ఉండదు. కావాలని దాచేది కాదు, గుర్తుకే రాదు.

కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. ఆమెకు థైరాయిడ్ ఉంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే అదే బీమా సంస్థలో గ్రూపు నుంచి సొంత పాలసీకి మార్చుకునేందుకు దరఖాస్తు పెట్టించాను. అలా మారితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం లెక్కలోకి వస్తుంది. ప్రీమియం ఏడాదికి 24,000. దీంతో నెల ఖర్చు 80,000కు చేరింది.

పీఎఫ్ ముట్టుకోవద్దన్నాను. కదపకుండా వదిలేసినా వడ్డీ వస్తూనే ఉంటుంది. ఉద్యోగం మానిన తర్వాత జమయ్యే వడ్డీ మీద పన్ను పడుతుంది, అంతే. 37 ఏళ్లకు ఆ డబ్బు ఇంటి ఖర్చులో కరిగితే 60 ఏళ్లకు మళ్లీ కూడదు. మిగిలిన 6,77,000లో, కొత్త బీమా ప్రీమియం కలపకుండా, 3 నెలల ఖర్చు 2,34,000 ఆపదకని పక్కన పెట్టాం. వాడుకోవడానికి 4,43,000 మిగిలింది. నెలకు 45,000 లోటు. భాగిస్తే పది నెలలు కూడా నిండవు.

ఐదున్నరేళ్లు పది నెలలైంది. ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పది నెలలైనా మంచిదే సార్, కనీసం ఎన్ని నెలలో తెలిసింది" అన్నారు.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు పోయింది

నోటీసు కాలం 90 రోజులు. జనవరి మొదట్లో రాజీనామా పెడితే మార్చి ఆఖరుకు బయటపడొచ్చు. ఆ నిర్ణయానికి ముందు ఒక పరీక్ష పెట్టాం: తెల్లవారుజామున 5 నుంచి 7 దాకా రాయడం, అదీ దిద్దే పనే. మూడు వారాల్లో 15 పొద్దులు అనుకుంటే కూర్చున్నవి 6. అమెరికా క్లయింటుతో కాల్స్ రాత్రి 11 దాకా నడిచేవి. నిద్ర తీరని మెదడు కొత్త వాక్యం ఎలాగోలా రాస్తుంది కానీ, రాసిన వాక్యాన్ని కొట్టెయ్యలేదు. పరీక్ష విఫలమైనా తేల్చాల్సింది తేల్చింది. ఆ ఉద్యోగంలో ఉంటూ దిద్దే పని సాగదు. జీతం లేని సెలవు 2 నెలలు అడిగించాను, కంపెనీ ఒప్పుకోలేదు. రాజీనామా పెట్టారు.

వెళ్లేముందు చేయించిన పనులు ఇవి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం చేతికి తీసుకోవడం. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం వదిలిన తేదీ నమోదైందో లేదో చూసుకోవడం. ఇది నమోదు కాకుంటే తర్వాత పీఎఫ్ మొత్తం తీసుకోవడం, బదిలీ చేసుకోవడం ఆగిపోవచ్చు. బ్యాంకులో ఏదైనా మార్పు కావాలంటే జీతం పడుతుండగానే అడగడం. జీతం ఆగాక బ్యాంకు చూసే చూపు మారుతుంది.

ఏప్రిల్, మే, జూన్. మూడు నెలల నోటుబుక్కు చూస్తే రాత సగటు వారానికి 9.5 గంటలు. ఉద్యోగం చేసినప్పుడు 8. అంటే వారానికి 45 గంటల ఉద్యోగం వదిలితే చేతికొచ్చింది గంటన్నర.

జూన్‌లో ఒక మంగళవారం పేజీ ఇలా ఉంది: "9:40 కూర్చున్న. 9:55 గ్యాస్ బండి. 10:10 అత్తమ్మ మందుల డబ్బా. 10:30 కూర్చున్న. 10:50 ఆడబిడ్డ ఫోన్. దుకాణం తాళంచెవి పంపుడు. 11:20 వంట." రాసింది 90 పదాలు.

ఈ పేజీ చూసి మనిషిలో క్రమశిక్షణ లేదనుకోవడం తేలిక. ఆమే ఆ మాట అన్నారు, ఏడ్చారు కూడా. నేను ఒప్పుకోలేదు. ఇంటి నుంచి పని చేసిన ఐదేళ్లూ అదే ఇల్లు, అదే గది, అవే పనులు. తేడా ఎక్కడుందని తవ్వితే హెడ్‌సెట్ దగ్గర తేలింది. అది తలకు ఉన్నంతసేపు అత్తగారు గుమ్మం దగ్గరే ఆగేవారు. "కాల్ల ఉన్నది" అని పిల్లలకు ఆమే చెప్పేవారు. రాజీనామాతో హెడ్‌సెట్ పోయింది, "ఇంట్లనే ఉన్నవ్ గదా బిడ్డా" అనే మాట వచ్చింది. ఉద్యోగం తీసుకున్న గంటలు ఎక్కువే, కానీ ఆమె సమయం చుట్టూ కంచె వేసింది కూడా ఉద్యోగమే. అది పోగానే ఖాళీ అయిన గంటల్లోకి ఇల్లు నడిచి వచ్చేసింది. ఇందులో అత్తగారి తప్పేమీ లేదు. జీతం రాని పనిని పనిగా గుర్తించే అలవాటు మన ఇళ్లలో తక్కువ, అందులోనూ ఆడవాళ్ల విషయంలో.

ఫ్రిజ్ మీద టైం టేబుల్ అంటించడం, తలుపు గడియ పెట్టుకోవడం రెండూ చేశారు. తలుపు వెనక ఉన్న మనిషిని పిలవడం మహా అయితే పది నిమిషాలు ఆగుతుంది. పనిచేయలేదు.

రెండో పొరపాటు: ఆడియో సీరియల్

జూలైలో డబ్బు భయం మొదలై ఆమె ఒక ఆడియో కథల యాప్‌కు సీరియల్ ఒప్పుకున్నారు. ఒక్కో భాగం 1,500 పదాలు, వారానికి 5 భాగాలు, భాగానికి 350 రూపాయలు. 12 వారాల్లో 60 భాగాలు, 21,000. భాగం రాయడానికి రెండున్నర గంటలు పట్టేది, అంటే గంటకు 140 రూపాయలు. దానికి ఖర్చయిందల్లా కథకు కావాల్సిన మనసే. సీరియల్ రాసిన రోజున సొంత కథ ఒక్క వాక్యం కదల్లేదు.

ఒప్పందం సంతకం అయ్యాక నాకు చూపించారు. రచన మీద అన్ని హక్కులూ, సినిమా, వెబ్ సిరీస్ సహా, శాశ్వతంగా సంస్థవే అని ఉంది. కాపీరైట్ చట్టం ప్రకారం బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. కానీ ఇక్కడ "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అని స్పష్టంగా రాసుంది కాబట్టి ఆ రక్షణ అక్కరకు రాదు. ఆగిపోయిన 19 కథల్లో ఒకదాని మనుషుల్ని ఆమె ఆ సీరియల్లో వాడేశారు. ఆ కథను మళ్లీ తనదిగా అచ్చు వేసుకునే దారి మూసుకుపోయింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెబుతున్నాను: భాగానికింత అని డబ్బిచ్చే చోట కొత్తగా పుట్టించిన మనుషుల్నే వాడండి, దాచుకున్న వాళ్లను పంపకండి.

పత్తి సంవత్సరం

సెప్టెంబరు ఆఖరుకు 4,43,000లో మిగిలింది 56,000. లెక్క ప్రకారం 1,73,000 ఉండాల్సింది.

పొరపాటు దుకాణం సగటులో ఉంది. ఏడాదికి 4,20,000 వచ్చేది నిజమే, నెలకు 35,000 అనేది నిజం కాదు. వానాకాలం పంటకు విత్తనాలు, ఎరువులు ఉద్దెర మీద పోతాయి. రైతు పత్తి అమ్మాకే బాకీ తీరుస్తాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇంటికి వచ్చింది నెలకు 12,000, ఆరు నెలలకు 72,000. మిగతా 3,48,000 అంతా పత్తి మార్కెట్‌కు వచ్చాకే. రాజీనామాకు మార్చి ఆఖరు అనుకూలమని అన్నప్పుడు నేను ఆర్థిక సంవత్సరం చూశాను, పిల్లల బడి చూశాను, పత్తిని చూడలేదు. దుకాణం చేతిలో చిల్లిగవ్వ ఉండని ఆరు నెలల్లోకి, జూన్ ఫీజులు కూడా కలిపి, ఆ ఇంటిని దింపాను. అక్టోబరు ఆఖరున మానేసి ఉంటే మొదటి ఆరు నెలలు ఇంత ఒత్తిడి ఉండేది కాదు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ ప్రాంతంలో వ్యవసాయం మీద నడిచే ఆదాయం ఉన్న ఇంటికి నెలవారీ సగటు వేయకూడదు. 12 గళ్లు గీసి ఏ నెలకు ఆ నెల రాయాలి.

ఏం పనిచేసింది

అక్టోబరు మొదట్లో భర్తను, అత్తగారిని కూడా కూర్చోబెట్టాం. హైదరాబాద్ ఉద్యోగం మళ్లీ చూసుకోవాలన్న మాట అప్పటికే ఇంట్లో నడుస్తోంది. నేను అడిగింది ఒకటే: ఆమె ఏ పనికి గంటకు ఎంత వస్తుంది? సీరియల్‌కు 140. టెస్టింగ్ పని విడిగా తీసుకుంటే గంటకు 600 ఇచ్చేవాళ్లు ఆమె పాత పరిచయాల్లోనే ఉన్నారు. రచయిత అయ్యాక రాతతోనే తినాలని ఆమెకు గట్టి పట్టుదల. గౌరవించదగ్గ పట్టుదలే. కానీ 140 రూపాయల గంట అమ్ముకుంటూ కథకు కావాల్సిన గంటను పోగొట్టుకోవడం కథకు మేలు చేసేది కాదు. నవలా రచయిత అంపశయ్య నవీన్ గారు లెక్చరర్‌గా ఉద్యోగం చేస్తూ రాసిన మనిషే. ఈ నేల మీద చాలామంది రచయితలు పంతుళ్లుగా, గుమాస్తాలుగా బతుకుతూ రాశారు. ఈ మాట ఆమెకు నచ్చచెప్పడానికి అన్నది కాదు, ఇక్కడ జరిగింది అదే.

వారానికి 15 గంటల టెస్టింగ్ పని, మధ్యాహ్నం 2 తర్వాత మాత్రమే. నెలకు 36,000. అక్టోబరు నుంచి మార్చి దాకా 5 నెలల బిల్లులు చేతికొచ్చాయి, 1,80,000. పత్తి డబ్బు 3,48,000 కలిసింది. ఆరు నెలల ఖర్చు 4,80,000 పోను 48,000 మిగిలి, చేతిలో 1,04,000 అయింది.

పొద్దున గంటలకు ఇల్లు దాటడమే మార్గమని తేలింది. హనుమకొండలో గ్రంథాలయాలకు కొదవ లేదు, 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఈ ఊళ్లోదే. ఆమె ఎంచుకున్న రీడింగ్ రూంలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలే నిండా ఉంటారు. ఎవరూ తలెత్తరు, ఫోను మోగదు. ప్లగ్ పాయింటు దొరకదు కాబట్టి ల్యాప్‌టాప్ కుదరలేదు, చేత్తో రాయాల్సి వచ్చింది. దీనివల్ల అనుకోని మేలు జరిగింది. రోజూ మొదటి పేజీ దగ్గరికి వెళ్లి ఫాంటు మార్చుకుంటూ కూర్చునే అలవాటు తప్పింది. 9:30 నుంచి 12:30, వారానికి 5 రోజులు. భుజాన సంచీ వేసుకుని గడప దాటడం చూశాక అత్తగారే పక్కింటివాళ్లతో "పనికి పోయింది" అనడం మొదలుపెట్టారట. నవంబరు నుంచి సగటు 13 గంటలు.

ఆ గంటల్లో ఏం చేయాలన్నది కూడా రాసిచ్చాను. మూడు నెలలు కొత్త కథ మొదలుపెట్టకూడదు. ఆగిన కథల్లోంచి ఒకటి తీసి 14 పాయింట్‌లో, వరుసకు వరుసకు మధ్య ఖాళీ వదిలి ప్రింటు తీయాలి. పైకి చదవాలి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టాలి, అప్పుడే దిద్దకూడదు. రెండోసారి చదువుతూ, కథ నిజంగా ఏ వాక్యం దగ్గర మొదలైందో గుర్తించి పైదంతా కొట్టెయ్యాలి. పది రోజులు పక్కన పెట్టి ముగింపు రాయాలి.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన తండ్రి మీద ఆమె కథ ఒకటుంది. మొదటి ఐదు పేరాలు సూర్యోదయం, మార్కెట్ చరిత్ర, ఘాటుకు వచ్చే దగ్గు. ఆరో పేరాలో, మార్కెట్ వేలం (జెండా పాట) ముగిసిన చోట, ఈ రెండు వాక్యాలు: "జెండా పాట అయిపోయింది. నాయిన బస్తా మీదికెల్లి లేవలే." కథ అక్కడ మొదలైంది. పైవన్నీ పోయాయి. 3,200 పదాలు 1,400 అయ్యాయి. ఆదివారం అనుబంధాలకు సుమారుగా ఆ నిడివే సరిపోతుంది. అంత తగ్గించాలంటే అక్కడో మాట ఇక్కడో మాట తీస్తే చాలదు, ఒక సంఘటనను ఉంచుకుని మిగతావాటిని వదిలెయ్యాలి.

ఆ వాక్యాల్లో ఇంకో సంగతి ఉంది. మిగతా కథనం పుస్తకాల భాషలో, మాటలు మాత్రం వరంగల్ యాసలో రాసేవారు. ఈ రెండు వాక్యాలు పొరపాటున కథనంలోకి జారిన ఇంటి మాట. కాళోజీ తిరిగిన ఊళ్లో పుట్టిన మనిషి ఇంటి మాటను కథనంలోకి రానివ్వడానికి ఇంకొకరి అనుమతి కోసం చూడాల్సి వచ్చింది, బాధ అనిపించింది. కథ మొత్తం అదే మాటలో తిరగరాయించాం. ఆగిపోయిన కథల్లో ఆమె ముగింపు దాకా వెళ్లిన మొదటిది అదే.

చదివి చెప్పడానికి నలుగురు దొరికారు. నెలలో రెండో ఆదివారం సుబేదారిలో ఒకరి ఇంట్లో కలుస్తారు. వాళ్లకు పెట్టిన నియమం ఒకటే, బాగుంది, బాగాలేదు అనొద్దు. ఏ వాక్యం దగ్గర మనసు పక్కకు పోయిందో దాని కింద గీత పెట్టి ఇవ్వాలి.

పుస్తకం ఎందుకు ఆపాం

జనవరిలో పుస్తకం వేయాలన్న కోరిక వచ్చింది. కొటేషన్ తెచ్చారు: డెమీ సైజు, 128 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు 8. 500 కాపీలకు కాపీ 78 చొప్పున 39,000, పేజీ సెట్టింగుకు 5,120, కవరుకు 4,000, మొత్తం 48,120. వెల 150. పంపిణీదారు 40 శాతం తీసుకుంటే కాపీకి 90 వస్తుంది. 48,120ని 90తో భాగిస్తే 535. వేసిందే 500. అంటే ప్రతి కాపీ అమ్ముడైనా డబ్బు తిరిగి రాదు, సొంతంగా చేతికి చేతి అమ్మితే తప్ప. పైగా యూనికోడ్‌లో టైప్ చేసినదాన్ని డీటీపీ వాళ్లు అను ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు తారుమారవుతాయి, మొత్తం మళ్లీ ప్రూఫు చూడాలి. అందుకే 12 కథలు సిద్ధమయ్యాక డిజిటల్ ప్రింటులో 100 కాపీలే వేయాలని నిర్ణయం. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు.

14వ నెల నాటికి

ఉద్యోగం వదిలిన 14 నెలలకు, అంటే మే ఆఖరుకు, పూర్తయిన కథలు 9, అచ్చయినవి 3, ఒకటి ముల్కనూరు ప్రజా గ్రంథాలయం పేరు మీద జరిగే పోటీకి సిద్ధంగా ఉంది. ఏప్రిల్ నుంచి టెస్టింగ్ రేటు గంటకు 700 అయింది. ఈసారి క్యాలెండర్‌ను పత్తి ప్రకారమే గీశాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికి 20 గంటలు టెస్టింగ్, నెలకు 56,000. దుకాణం 12,000 కలిపినా 12,000 తగ్గుతుంది, ఆరు నెలలకు 72,000, అది చేతిలోని 1,04,000 నుంచి పోతుంది. అక్టోబరు నుంచి టెస్టింగ్ 10 గంటలకు తగ్గి, రాత పెరుగుతుంది. పత్తి బాకీలు కూడా వస్తాయి కాబట్టి ఆ ఆరు నెలలకు 36,000 మిగులుతుంది. ఏడాది మొత్తానికి లోటు 36,000. ఆపదకని పెట్టిన 2,34,000 ఇంకా ముట్టుకోలేదు.

మళ్లీ కలిసేది నవంబరులో, బాకీలు వసూలయ్యే వేళకు. ఆ రోజు నోటుబుక్కు, బ్యాంకు పాసుబుక్కుతో పాటు తిరగరాసిన మరో మూడు కథలు తెమ్మన్నాను.